కన్ను పెట్టని చేప

ఏడేళ్ళుగా ఒక సంగతి నాలోనే ఉండిపోయింది. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. నా నోట్లో ఏదీ గంటసేపు నిలవదని మా వీధంతటికీ తెలుసు. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి పెళ్ళి ఎక్కడ ఆగిందో, నా చెవిన పడితే సాయంత్రానికి ఊరు దాటుతుంది. అలాంటి నేను ఒక్క మాట ఏడేళ్ళు దాచాను. దాచగలిగానే అని నాకే ఆశ్చర్యం. దాచడం కూడా చేతనవుతుంది కదా నాకు, మరి చెప్పకూడనివన్నీ చెప్పుకుంటూ తిరిగిందెందుకు?

సూటిగా చెప్పేస్తాను. లేకపోతే మాటల్లో పడి ఇంకెక్కడికో పోతాను. ఒక తల్లి తన ఇంటికి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ రెండేళ్ళు నా వల్ల. కంప్యూటర్లో ఒక చిన్న పెట్టెలో ఉన్న అడ్రసు చెరిపేసి, ఇంకో అడ్రసు కొట్టాను. రెండు నిమిషాల పని. చేసింది అంతే. అంతే అని ఎలా అంటాను?

మా చర్చిలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పమంటారు. నేను తప్పకుండా లేస్తాను. జ్వరం తగ్గిందనో, కదిలిపోతున్న బస్సు నా కోసం ఆగిందనో చెప్పి దేవునికి స్తోత్రం అని కూర్చుంటాను. అందరూ ఆమెన్ అంటారు. కూర్చున్నాక, ఒళ్ళో బైబిలు మూసి పెట్టుకుని, అసలుది ఈ వారం కూడా చెప్పలేదు అనుకుంటాను. మీ మొహం నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. కాబట్టి మీకు చెప్పగలను. మీరు నన్ను అనుమానంగా చూసినా ఫరవాలేదు. అనుమానం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఇదంతా దాని పనే.

మాది ఉదయగిరి. పదో తరగతి గట్టెక్కి, ఇంటర్లో రెండు సబ్జెక్టులు పోగొట్టుకుని, టైపు నేర్చుకుంటూ ఇంట్లో కూర్చున్న రోజులవి. తొంభై తొమ్మిది. ఆత్మకూరులో ఉండే మా పిన్నమ్మ కబురు పంపింది, అక్కడ కొత్తగా కంప్యూటర్ సెంటర్ పెట్టారు, కూర్చోవడానికి ఒక అమ్మాయి కావాలట అని. వారమంతా పిన్నమ్మ ఇంట్లో ఉండి, శనివారం దుత్తలూరు మీదుగా వచ్చే బస్సెక్కి ఉదయగిరి వచ్చేదాన్ని. సెంటర్ ఎరువుల అంగడి మీద మేడ గది. కంప్యూటర్లు నాలుగు. అందులో ఒక్కదానికి ఫోను తీగ తగిలించి ఇంటర్నెట్ పెట్టేవారు. అది కలిసేముందు కీచుమని, గుర్రుమని చేసే చప్పుడుకి కింద యూరియా బస్తాలు మోసేవాళ్ళు పైకి చూసేవాళ్ళు. నేర్పేది నెల్లూరు నుంచి వచ్చిన ఒక సారు. మనిషి మెత్తన. నేను ఫీజు రసీదులు రాసేదాన్ని, ప్రశ్నపత్రాలు టైపు చేసేదాన్ని, సారు చెప్పేవి వెనకాల నిలబడి వినేదాన్ని. అలా వినే కొంత వచ్చింది.

షంషాద్ సంగతి చెప్పాలి. ఉదయగిరిలో మా వీధి చివరిల్లు వాళ్ళది. ఎనిమిది దాకా ఒకే బెంచీ మాది. వాళ్ళ నాన్న ఖాదర్ మామ కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కుతాడు. షంషాద్ కూడా చెక్కుతుంది. వాళ్ళ చెంచాలకి పిడి చివర చిన్న చేప ఉంటుంది. పొలుసులు, తోక, రెక్క అన్నీ షంషాదే చేస్తుంది గాని కన్ను మాత్రం పెట్టదు. అది ఖాదర్ మామ పని. తయారైన చెంచాని ఆయన వెలుతురులో తిప్పి చూస్తాడు. పెదవికి ఆనించి, అంచు ఎక్కడైనా గీరుకుంటుందేమో చూస్తాడు. బాగుంటే సూది కాల్చి చేపకి కన్ను పెడతాడు. బాగులేకపోతే పెట్టడు. కన్ను లేని చెంచా ఆ ఇంటి గడప దాటదు.

"కన్ను పెడితే చెంచా. అందాకా కర్రముక్కే" అనేవాడు ఆయన, నేను వెళ్ళి ఆ పక్కన కూర్చుని బుర్ర తినేటప్పుడు.

షంషాద్ వాళ్ళమ్మ ఇంట్లో లేదు. బొంబాయిలో చెల్లెలి దగ్గర ఉందని చెప్పేవాళ్ళు. చెల్లెలికి ఒంట్లో బాగుండదట. రెండేళ్ళ నుంచి ఆ చెల్లెలికి బాగుండటమే లేదు. ఈ మాట నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేదు. నమ్మలేదు కానీ అడగలేదు. అడగకుండా మనసులో పెట్టుకున్నవి ఊరికే ఉండవు. అది నాకు అప్పుడు తెలియదు.

ఆ ఏడాది ఖాదర్ మామ చెంచాలు తీసుకుని మద్రాసులో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. బెంగుళూరులో కానుకల అంగడి నడిపే ఒకామె చేప చెంచాలు చూసి ముచ్చటపడింది. పండగల ముందు పెద్ద ఆర్డరు ఇస్తాను, మీ రకాలన్నీ నెట్‌లో పెట్టండి, చూసి ఎన్ని కావాలో చెబుతాను అందట. ఖాదర్ మామకి నెట్ అంటే ఏం తెలుసు? ఇంటికొచ్చి చెప్పాడు. షంషాద్ నాకు చెప్పింది. నేను సారుకి చెప్పాను. అప్పుడు చూడాలి నన్ను. ఆ మేడ మెట్లు రెండేసి ఎక్కేదాన్ని.

ఒక మంగళవారం షంషాద్ పాత చీరముక్కలో ఇరవై చెంచాలు చుట్టుకుని ఆత్మకూరు వచ్చింది. కెమెరా లేదు మాకు. సారు స్కానర్ మూత తెరిచి, చెంచాల్ని ఆ అద్దం మీదే పడుకోబెట్టమన్నాడు. పైన షంషాద్ నల్ల దుపట్టా కప్పాము. లోపల దీపం ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. తెర మీద నల్లటి నీళ్ళలోంచి పైకి తేలినట్టు వచ్చాయి చేపలు. షంషాద్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. ఆ నొప్పి ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది, అబద్ధం కాదు.

ఉచితంగా దొరికే చోట పేజీ పెట్టాము. దాని అడ్రసు బస్సంత పొడుగు. మధ్యలో గీతలు, చుక్కలు, అంకెలు. అది ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకని సారు ఒక ఉపాయం చేశాడు. చిన్న అడ్రసు ఊరికే ఇచ్చే కంపెనీ ఒకటి ఉంది. చిన్న అడ్రసు కొడితే, మనిషిని తీసుకెళ్ళి పొడుగు అడ్రసు దగ్గర దింపుతుంది. రీడైరెక్ట్ అంటారన్నాడు. నాకు అర్థం కాలేదని మొహం చూసి తెలుసుకున్నాడు.

"నువ్వు ఉదయగిరి వదిలి ఇక్కడికొచ్చావనుకో. నాకొచ్చే ఉత్తరాలు ఆత్మకూరు పంపండని పోస్టాఫీసులో కాగితం రాసిస్తావా లేదా? రాసేవాడు పాత అడ్రసే రాస్తాడు. ఉత్తరం కొత్త ఇంటికి చేరుతుంది. మధ్యలో మారిందని వాడికి తెలియను కూడా తెలియదు. అదేనమ్మా ఇది."

ఆ కంపెనీ వాళ్ళ తెర మీద ఒక పెట్టె ఉంటుంది. ఎక్కడికి పంపాలో అందులో కొట్టాలి. పాస్‌వర్డ్ పెట్టమన్నప్పుడు సారు లేచి, నన్ను కూర్చోమన్నాడు. ఇది మీ స్నేహితురాలిది కదా, నువ్వే పెట్టుకో, నాకెందుకు అన్నాడు. నేను పెట్టాను. అంటే ఆ చిన్న అడ్రసు ఎటు పోవాలో చెప్పగలిగేది ప్రపంచంలో నేనొక్కదాన్నే. ఇంటర్ తప్పినదాన్ని. అంత పెద్ద సంగతి అంతకు ముందు నా చేతిలో ఏదీ లేదు.

చిన్న అడ్రసుని చీటీల మీద ప్రింటు తీసి, కత్తెరతో కత్తిరించాము. ఒక చీటీ బెంగుళూరు ఆమెకి ఉత్తరంలో పెట్టాము. మిగతావి చెంచాల డబ్బాల్లో వేసుకుంది షంషాద్. పేజీలో ఆర్డరుకి ఫోను నంబరు వాళ్ళ ఇంటి పక్క మందుల అంగడిది. ఫోన్ వస్తే వాళ్ళు పిలుస్తారు. "మొదటి ఫోన్ వచ్చిన రోజు నీకే ముందు చెప్తాను మే" అంది షంషాద్ బస్సు కిటికీలోంచి. ఆ మాట నేను పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో ఆమెకి తెలియదు.

పేజీ అడుగున ఒక మీటరు పెట్టాడు సారు. ఎవరు తెరిచి చూసినా ఒక అంకె ముందుకు తిరుగుతుంది, స్కూటరు మీటరు లాగా. మొదటిరోజు పన్నెండు. నేను ఆనందంతో పిన్నమ్మకి చెప్పాను. వారానికి తొంభై. పదిహేను రోజులకి రెండు వందలు దాటింది. నెలకి నాలుగు వందలు. శనివారం ఉదయగిరి వెళ్ళి అడిగేదాన్ని, ఫోన్ వచ్చిందా అని. రాలేదు అనేది షంషాద్. మళ్ళీ వారం. రాలేదు. నాలుగు వందల మంది చూసిపోయారు, ఒక్కరు కూడా ఫోన్ చేయలేదా? నాలుగు వందల మందిలో?

ఇక్కడే మొదలైంది. నేను పగలూ రాత్రీ ఆ లెక్కలో పడ్డాను. చూసేవాళ్ళు ఉన్నారు, మీటరు అబద్ధం చెప్పదు. మీటరు అబద్ధం చెప్పకపోతే ఇంకెవరు చెబుతున్నట్టు?

ఒకసారి అనుమానం వస్తే కళ్ళకి అన్నీ అదే కనబడతాయి. మందుల అంగడి ఆయన నన్ను చూసి ఎందుకు మొహం తిప్పుకున్నాడు? షంషాద్ నాకు చెప్పకుండా రెండుసార్లు నెల్లూరు ఎందుకు వెళ్ళింది? నాకు తెలిసింది ఆమె చెప్పి కాదు, కండక్టరు చెప్పి. ఎందుకు వెళ్ళావని అడిగితే, ఊరికే, అబ్బాకి మందులు అంది. మందులు పక్క అంగట్లోనే దొరుకుతాయి కదా. ఒక శనివారం నేను వెళ్ళేసరికి చాప మీద కూర్చుని ఏదో చదువుకుంటోంది. నన్ను చూసి చాప కిందకి తోసేసింది. తోసేలోపు నేను చూశాను. కవరు. దాని మీద మన దేశం కాని స్టాంపు.

విదేశం నుంచి ఉత్తరం. నాలుగు వందల మంది చూసిన పేజీ. నెల్లూరు ప్రయాణాలు. ఇంకేం కావాలి? ఆర్డర్లు వస్తున్నాయి, నా దగ్గర దాస్తున్నారు అని తేల్చేసుకున్నాను. నాకు వాటా ఇస్తామని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. నాకు కావలసింది అది కాదు. ముందు నాకు చెప్తానంది కదా. ఆ ఒక్క మాట. చేపలు తెర మీదకి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకున్న మనిషి, ఇప్పుడు నన్ను చూసి చాప కింద ఉత్తరాలు దాస్తోంది. నిజంగా అంత బాధపడ్డానా, లేక నా గొప్ప ఎవరూ గుర్తించలేదని ఉక్రోషమా? ఇప్పటికీ రెండింటినీ విడదీసి చూడలేను. రెండోదే ఎక్కువని రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండోదే ఎక్కువ.

ఆ సోమవారం సారు భోజనానికి వెళ్ళాడు. నేను నెట్ కలిపాను. కింద ఎవరో ఎరువుల ధర గురించి గట్టిగా వాదిస్తున్నారు. చిన్న అడ్రసుల కంపెనీ తెర తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను. పెట్టెలో మా చేపల పేజీ అడ్రసు ఉంది. చెరిపేశాను. మా సారే నెల్లూరులో ఒక ఫ్యాన్సీ అంగడికి పేజీ చేసిచ్చి ఉన్నాడు. అందులో మిషన్ మీద కోసిన కర్ర చెంచాలు కూడా ఉన్నాయి. ఆ అడ్రసు కొట్టాను. ఆ అంగడి వాళ్ళకి నేను చెప్పలేదు, వాళ్ళు నన్ను అడగలేదు. వాళ్ళకి ఈ సంగతి తెలియనే తెలియదు. ఒక్కరోజు, అనుకున్నాను. ఒక్కరోజు ఫోన్లు ఆగిపోతే, ఏంది మే, మన అడ్రసు ఏమైంది అని షంషాద్ పరిగెత్తుకొస్తుంది. అప్పుడు అడుగుతాను, ఫోన్లు రావడం లేదని నీకెట్ట తెలుసు, అసలు వస్తేగా ఆగిపోయేది అని. పట్టుకున్నానని చెబుతాను. మాటలు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను.

ఆమె రాలేదు. ఒకరోజు పోయింది. వారం పోయింది. రాకపోవడం కూడా అనుమానమే అయింది నాకు. చూడు, ఎంత గుట్టుగా ఉందో అనుకున్నాను. మీటరు వైపు కూడా చూడలేదు. పంతం. రెండు శనివారాలు ఉదయగిరి వెళ్ళి కూడా వాళ్ళింటికి పోలేదు. మూడు వారాలు అలా వదిలేశాను.

మూడో వారం చివర సారు కొత్త బ్యాచికి నెట్ చూపిస్తున్నాడు. నేను వెనకనుంచి రసీదు పుస్తకం తీసుకుని పోతూ తెర వైపు చూశాను. చేపలు. మా పేజీ. అడుగున మీటరు తొమ్మిది వందలు దాటి ఉంది.

రసీదు పుస్తకం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. దారి నేను మూసేశాను కదా. చీటీ మీద అడ్రసు కొట్టినవాళ్ళు నెల్లూరు అంగడికి పోతున్నారు కదా. మరి ఈ తొమ్మిది వందల మంది ఏ దారిన వచ్చారు?

"సార్, ఇది ఎట్టా తెరిచినారు?" అన్నాను.

"పొడుగు అడ్రసు ఇందులో దాచిపెట్టుకున్నానమ్మా. పేజీ అంటే ఇట్లా ఉంటుందని ప్రతి బ్యాచికీ ఇదే చూపిస్తాను. వీళ్ళూ తలా నాలుగుసార్లు నొక్కుతారు. మీ చేపలంటే అందరికీ ఇష్టం."

"మరి మీటరు..."

"ఎవరు చూసినా తిరుగుతుంది. నువ్వు చూసినా తిరుగుతుంది. నువ్వు రోజుకి పదిసార్లు చూసేదానివి కదా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాలుగు వందల మంది ఎవరో కాదు. సారు, సారు పిల్లలు, నేను. పొద్దున రాగానే ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, తిరిగిందా లేదా అని చూడటానికి ఒకసారి. నేను చూసి నేను తిప్పిన అంకెల్ని సాక్ష్యంగా పెట్టుకుని, నా స్నేహితురాలిని దొంగని చేశాను.

ఆ మధ్యాహ్నమే పెట్టెలో పాత అడ్రసు మళ్ళీ కొట్టాను. మళ్ళీ రెండు నిమిషాలు. చిన్న అడ్రసు కొట్టి చూశాను, చేపలు వచ్చాయి. అమ్మయ్య అనుకున్నాను. ఎవరికీ తెలియలేదు, ఏమీ కాలేదు అనుకున్నాను. అప్పటికప్పుడు ఉదయగిరి బస్సెక్కి, ఇట్టా చేసినానే అని చెప్పి ఉంటే? చెప్పలేదు. ఏమీ కానప్పుడు చెప్పడం ఎందుకు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

వారానికి షంషాద్ వచ్చింది. మెట్ల మీద చెప్పుల చప్పుడుకే తెలిసింది నాకు, ఆమే అని. చేతిలో కవరు. స్టాంపు మన దేశందే.

"మే, ఇది చదువు. బెంగుళూరామె రాసింది. మా అబ్బా రెండు రోజుల నుంచి దీన్ని తిప్పి తిప్పి చూస్తా ఉండాడు, ఇంగ్లీషు తిప్పితే వస్తాదా?"

నాకూ అంత ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఉత్తరం అర్థమైంది. దేవుడా, ఆ ఒక్క ఉత్తరం నాకు పూర్తిగా అర్థమైంది. చీటీ మీది అడ్రసు తెరిచి చూశాను, మీ నెల్లూరు అంగడి బాగుంది, వాళ్ళకే ఫోన్ చేసి పండగల ఆర్డరు ఇచ్చేశాను, చేప ఉన్నవి మాత్రం లేవన్నారు, ఎందుకు మానేశారు, అవే బాగుండేవి. ఖాదర్ గారికి నమస్కారాలు.

చదివి తెలుగులో చెప్పాను.

"నెల్లూరు అంగడి ఏంది?" అంది షంషాద్. "మాకు నెల్లూరులో అంగడి యాడుండాది? మన అడ్రసు కొడితే వేరే వాళ్ళది ఎట్ట వస్తాదే?"

చెప్పాల్సిన చోటు అదే. నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి ఏం వచ్చిందో చూడండి.

"ఆ అడ్రసు ఊరికే ఇచ్చే కంపెనీ ఉండాది గదా, వాళ్ళ తప్పు. ఏదో తారుమారు చేసినారు. నేను పోయిన వారమే కనిపెట్టినాను. కనిపెట్టి సరిచేసినాను."

"నువ్వే సరిచేసినావా?"

"నేనే."

"మరి నాకు చెప్పలేదే?"

"కంగారు పడతావని."

షంషాద్ నన్ను కాసేపు చూసింది. తర్వాత నవ్వింది. "వారం రోజులు నీ కడుపులో మాట దాచుకున్నావా! నువ్వా! నాకు నమ్మబుద్ధి కావడం లేదు మే."

ఆ మాట ఎలా అంది? మామూలుగానే అన్నట్టు ఉంది. మామూలుగానే అందా? ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నవ్వుని ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ ఉంటాను, ఎక్కడైనా గీరుకుంటుందేమో అని.

బెంచీ మీద కూర్చుంది. ఉత్తరం మడిచి, మళ్ళీ మడిచి, వేలెడంత చేసింది.

"ఇంక నీ కాడ దాచి ఏం చేయాల. మా అమ్మీ బొంబాయిలో లేదు. కువైట్‌లో ఉండాది. ఇళ్ళల్లో పనికి పోయింది. అబ్బా వద్దన్నా పోయింది. అందుకే అబ్బా ఎవరికీ చెప్పనీడు. చెల్లెలూ లేదు, గిల్లెలూ లేదు. నీకు చెప్తే ఊరంతా తెలుస్తాదని ఆమె ఉత్తరాలు చాప కింద దాచేదాన్ని."

నేను రసీదు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"వచ్చే నెలతో రెండేళ్ళు అయిపోతాది. మళ్ళా రెండేళ్ళకి సంతకం పెట్టమంటా ఉండారంట. ఈ ఆర్డరు వస్తే సంతకం పెట్టబాక, వచ్చేయి అని రాద్దామనుకున్నాము. అబ్బానే రాయమన్నాడు. అన్నాడే, నోరు తెరిచి అన్నాడు. ఆమె వచ్చేదానికి ఏమేం కావాల్నో కనుక్కుందామని నెల్లూరు ఏజంటు కాడికి రెండుసార్లు పోయొచ్చినాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముండాది. పెట్టమని రాస్తాము." రెండు వేళ్ళు చూపించింది. లేచి దుపట్టా సర్దుకుంది. అదే నల్ల దుపట్టా. "ఎవరికీ చెప్పబాకమే. మా అమ్మీ సంగతి."

"చెప్పను" అన్నాను.

చెప్పలేదు. ఇది చెప్పలేదు, అదీ చెప్పలేదు. ఆ రోజు నుంచి దాచడం నేర్చుకున్నాను.

ఆమె మెట్లు దిగుతుంటే సారు పైకి వస్తున్నాడు. మధ్య మెట్టు మీద ఆగి ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఒక నిమిషం. ఇంకా తక్కువేనేమో. ఫ్యాను చప్పుడులో నాకు వినబడలేదు. షంషాద్ ఏం అడిగి ఉంటుంది? కంపెనీ వాళ్ళు అట్టా మార్చేస్తారా సార్ అని అడిగిందా? సారు ఏం చెప్పి ఉంటాడు? పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ మార్చలేరమ్మా అన్నాడా? లేక బస్సు ఎన్నింటికి అని అడిగితే, నాలుగింటికి అన్నాడా? సారు పైకొచ్చి నన్ను ఏమీ అడగలేదు. ఏమీ అడగకపోవడం కూడా నాకు మామూలుగా తోచలేదు.

రెండు వారాల తర్వాత షంషాద్ మళ్ళీ వచ్చింది. కాగితంలో చుట్టిన చెంచా ఒకటి నా చేతిలో పెట్టింది.

"అడ్రసు సరిచేసినావు గదా. నీకు. ఇది అమ్మేదానికి కాదు."

నేను చెడగొట్టినదాన్ని నేనే బాగుచేసినందుకు నాకు కానుక. తీసుకున్నాను. థ్యాంక్స్ అని కూడా అన్నాను. సాయంత్రం పిన్నమ్మ ఇంట్లో కాగితం విప్పాను. అంత సన్నటి పొలుసులు ఆమె అంతకు ముందెప్పుడూ చెక్కలేదు. తోక వంపు చూస్తే నీళ్ళు గుర్తొస్తాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశాను.

చేపకి కన్ను లేదు.

ఖాదర్ మామ మరిచిపోయాడా? ఆయన మరిచిపోయే మనిషి కాదు. అమ్మేది కాదు కాబట్టి షంషాద్ ఆయనకి చూపించలేదా? అలాగే అయి ఉంటుంది. అమ్మేది కాదంటే అర్థం అదే కదా. లేదా ఇంకో అర్థం ఉందా? కన్ను లేని చెంచా గడప దాటదని నాకు తెలుసని ఆమెకి తెలుసు. తెలిసే ఇచ్చిందా? నువ్వు ఇంకా కర్రముక్కవేనే అని చెప్పిందా? పెదవికి ఆనించి చూశాను. ఎక్కడా గీరుకోలేదు. నున్నగా ఉంది.

అడగలేదు. అడిగితే, కన్ను ఎందుకు లేదని అడగాలి. దాని వెనకాల ఇంకా చాలా వస్తాయి.

రెండేళ్ళకి వాళ్ళమ్మ వచ్చింది. నేను అప్పటికి పెళ్ళయి వింజమూరులో ఉన్నాను, పుట్టింటికి వచ్చి ఉన్నాను ఆ రోజు. బస్సు దిగింది. పెద్ద పెట్టె, దానికి తాడు కట్టి ఉంది. మనిషి సగమైంది. అరచేతులు బట్టలుతికే సోడా నీళ్ళకి పొరలు లేచిపోయి తెల్లగా ఉన్నాయి. నన్ను ఆమె గుర్తుపట్టింది. "మా షంషాదు రాసేది నీ గురించి. నెట్టులో మా చెంచాలు పెట్టిన పిల్లవి నువ్వే గదా" అని ఆ చేతులతో నా బుగ్గలు తడిమి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచింది. పటపటమని విరిగాయి. దిష్టి అంతా పోయిందని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. షంషాద్ పెట్టె దించుకుంటూ ఉంది. నా వైపు చూసింది. నవ్విందా? ఎండ కళ్ళలో పడుతోంది, సరిగా కనబడలేదు. నేనే సరిగా చూడలేదేమో.

ఆ చెంచా మా వంటింటి అరలో ఉంది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా దానితో వడ్డించలేదు. మా ఆయన అడిగితే, కానుక అన్నాను. ఒక్కోసారి తీసి తుడిచి పెడతాను. ఇంట్లో సూది ఉంది, పొయ్యి ఉంది. సూది కాల్చి నేనే కన్ను పెట్టేయొచ్చు. రెండు నిమిషాల పని. రెండు నిమిషాల పనులంటే నాకిప్పుడు భయం.

ఒకటి ఒప్పుకోవాలి. అప్పుడు ఆమెని అనుమానించాను, అది తప్పని తేలింది. ఇప్పుడు కూడా ఆమెనే అనుమానిస్తున్నాను, ఆమెకి తెలిసిపోయిందేమో అని. ఒకవేళ ఏమీ తెలియకపోతే? నా మీద నమ్మకంతోనే ఆ చెంచా చెక్కి ఉంటే? అప్పుడు రెండుసార్లు తప్పు చేసినట్టు. తెలిసీ ఏమీ అనకుండా ఉండి ఉంటే? దాన్ని ఏమంటారో నాకు తెలియదు. నాకు మాత్రం ఇది క్షమించమని అడిగే కాగితం కాదు. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఆ రెండేళ్ళు నేను వెనక్కి తెచ్చి ఇవ్వలేను కూడా.

షంషాద్ తెలుగు బాగా చదువుతుంది. ఎనిమిది దాకా నా పక్కనే కూర్చుని చదివింది. ఇది ఎప్పుడైనా ఆమె చేతికి వస్తుందేమో. పేరు లేకపోయినా మూడో ముక్కలోనే నన్ను పోల్చుకుంటుంది. మే, ఇంత వాగుడు నువ్వు కాకపోతే ఇంకెవరు అనుకుంటుంది. అప్పుడు ఆ రోజు బెంచీ మీద కూర్చుని నువ్వు అడిగినదానికి జవాబు ఇదిగో, షంషాద్. మన అడ్రసు కొడితే వేరే వాళ్ళది ఎట్ట వచ్చిందని అడిగావు. కంపెనీ వాళ్ళు ఏమీ చేయలేదు. ఆ సోమవారం మధ్యాహ్నం పెట్టెలో అడ్రసు మార్చింది నేను.